రిలీవర్ వచ్చేదాకా సుద్దముక్క వదలకు

టీచరు ఉద్యోగం గురించి ఎవరైనా నన్నడిగితే నేను పాఠాల సంగతి ఎత్తను. పాఠం ఎవరైనా చెబుతారు. పాఠం మొదలయ్యే వేళకు పిల్లలు గదిలో ఉండాలి కదా, అదీ అసలు సంగతి. దాన్ని నేర్పడానికే నాకు సగం సర్వీసు పట్టింది. ట్రైనింగ్ కాలేజీలో మీకు లెసన్ ప్లాను రాయడం నేర్పుతారు, పిల్లల మనసుల గురించి లావుపాటి పుస్తకాలు చదివిస్తారు. ప్రార్థన అయిపోయాక చెమటలు కక్కుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి, "మే ఐ కమిన్" అనే గుంటణ్ణి ఏం చెయ్యాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. నేను చెబుతాను. నచ్చితే తీసుకోండి, లేదంటే ముసలమ్మ చాదస్తం అనుకోండి. చాదస్తం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది, వయసుతో వచ్చింది కాదు.

సైరన్ ఊళ్ళో ఆలస్యం

మాది విజయనగరం. మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం కోసం భిలాయి వచ్చాం. ఆయన స్టీల్ ప్లాంటులో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ఆపరేటరు. సెక్టర్ 2లో క్వార్టరిచ్చారు. నడిచి వెళ్ళేంత దూరంలోనే హైస్కూలు. అందులో తెలుగు చెప్పే ఉద్యోగం, టెంపరరీదే, నాకు దొరికింది. నేను చెబుతున్నవి డెబ్బైల నాటి మాటలు. అప్పట్లో మాది మధ్యప్రదేశ్.

మా తెలుగు పిల్లల తండ్రులందరూ శ్రీకాకుళం, విజయనగరం, వైజాగ్ వైపు నుంచి వచ్చినవాళ్ళే. పిల్లలు మాత్రం ఇక్కడే పుట్టారు. ఆకలేస్తే తెలుగు, కోపమొస్తే హిందీ. నన్ను మేడమ్ అనేవారు కాదు, హిందీ బళ్ళ అలవాటు ప్రకారం 'బెహన్‌జీ' అనేవారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత ఎవరైనా మేడమ్ అంటే పరాయిదాన్ని పిలిచినట్టుగా అనిపించేది.

ఊరంతా ప్లాంటు సైరన్ మీద బతికేది. సైరన్ కూస్తే టీ, సైరన్ కూస్తే భోజనం. తెల్లవారి రోడ్ల నిండా సైకిళ్ళు. ఒక్క తండ్రీ డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళేవాడు కాదు. అలాంటి తండ్రుల కడుపున పుట్టి, మా పిల్లలు బడికి మాత్రం తాపీగా వచ్చేవారు. కొందరికి నిజంగానే కష్టాలుండేవి. నాన్న రాత్పాళీ, అంటే రాత్రి షిఫ్టు, చేసుకుని ఇంటికొస్తే గాని సైకిలు దొరకదు. నందిని సున్నపురాయి గనుల కాలనీ నుంచి వచ్చేవాళ్ళకు బస్సు మీదే ఆధారం. మిగతావాళ్ళవి మాత్రం కాకమ్మ కథలే.

కథల్లో రాజు అప్పలరాజు. తొమ్మిదో క్లాసు. వాళ్ళ క్వార్టరు బడికి అందరికంటే దగ్గర, వాడు అందరికంటే ఆలస్యం. రోజూ ఏదో ఒక జంతువు వాడికి అడ్డొచ్చేది. ఒకరోజు ఆవు, ఒకరోజు ఊరకుక్క, ఒకరోజు ఏకంగా కోతి. తెలుగులో రెండు వాక్యాలు వరసగా చెప్పడం రాదు గాని, హిందీ తెలుగు కలగలిపి సాకు చెప్పాడంటే నమ్మబుద్ధేసేది.

చేసిన ప్రయోగాలన్నీ బెడిసికొట్టడం

నేను చెయ్యని ప్రయోగం లేదు. లేటుగా వచ్చినవాళ్ళని బయట నిలబెట్టాను. బయట రేగుచెట్టుంది. హాయిగా రేగుపళ్ళు ఏరుకుని తిన్నారు, లోపలున్నవాళ్ళకు కిటికీలోంచి అందించారు కూడా. గుంజీలు తీయించాను. ఎవడు ఎక్కువ తీస్తాడా అని పందెం పెట్టుకున్నారు. 'ఇంక ఆలస్యంగా రాను' అని పేజీల కొద్దీ రాయించాను. దస్తూరి కుదిరింది, మనిషి కుదరలేదు. చివరికి అప్పలరాజు వాళ్ళ నాన్నను పిలిపించాను. ఆయన రాత్పాళీ దిగి నేరుగా వచ్చాడు పాపం. నేను మీ అబ్బాయికి బాధ్యత లేదండీ అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే, ఆయన కుర్చీలో కూర్చునే గుర్రుపెట్టాడు.

నాకు తెలిసింది ఒకటి చెబుతాను, రాసిపెట్టుకోండి. శిక్ష పడుతుందని ఏ పిల్లాడూ తొందరగా రాడు. శిక్ష ఎలాగూ తప్పదని తెలిసినవాడు ఇంకాస్త నెమ్మదిగా వస్తాడు.

ప్రిన్సిపాల్ గారి గడువు

మా ప్రిన్సిపాల్ మిశ్రాజీ మంచివాడు. మంచివాడంటే మెత్తనివాడని కాదు. మెత్తటి బాసులు ఉద్యోగానికి చేటు, వాళ్ళ దగ్గర మన తప్పేమిటో మనకు ఎప్పటికీ తెలియదు. ఆయన రోజూ చేతిగడియారం చూసుకుంటూ గేటు దగ్గర నిలబడేవాడు. అన్ని సెక్షన్ల నుంచీ తెలుగు పిల్లల్ని ఒక గదిలోకి చేర్చాలి కాబట్టి తెలుగును మొదటి పీరియడ్‌లో పెట్టారు. పీరియడ్ సగమయ్యేదాకా సగం బెంచీలు ఖాళీ.

దసరా సెలవులయ్యాక ఒకరోజు నన్ను గదిలోకి పిలిచాడు. "మేడమ్, దీవాలీ తక్ దేఖూంగా," అన్నాడు. దీపావళి దాకా చూస్తాడట. అప్పటికీ మొదటి పీరియడ్ ఇలాగే ఖాళీగా ఉంటే తెలుగు బంద్, పిల్లలందరూ సంస్కృతంలోకి. కోపంగా అన్లేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

తెలుగు పోతే నా ఉద్యోగమూ పోతుంది. దానికి బాధపడలేదని అబద్ధం చెప్పను. కాని అంతకంటే సునీత గుర్తొచ్చి గుండె కలుక్కుమంది. సునీత నందిని నుంచి బస్సులో వచ్చే పిల్ల. మా చర్చికే వచ్చేది. అంతకు ముందు ఏడాది దాకా పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని, వాళ్ళమ్మ పెదాలు చూసి పాడేది. ఈ ఏడే వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. ఇంకో ఆరు నెలలు ఆగితే వేలు తీసేస్తుంది. ఇప్పుడు దాన్ని సంస్కృతంలో పడేస్తే ఆ పుస్తకం మళ్ళీ తలకిందులే. ఇంటికెళ్తూ దారంతా ఏడ్చాను.

చల్లారిన పులుసు

ఆ వారమే ఒక మధ్యాహ్నం. ఆయనకు పొద్దుటి షిఫ్టు. చేపల పులుసు పెట్టి, సైరన్ కూయగానే వేడిచేసి, కంచం పెట్టుకుని కూర్చున్నాను. మనిషి రాడు. పులుసు చల్లారింది, మళ్ళీ వేడిచేశాను, మళ్ళీ చల్లారింది. ఎప్పటికో సైకిలు చప్పుడైంది.

"ఇదేనా రావడం? ఊరందరి మొగుళ్ళూ తినేసి పడుకున్నారు," అన్నాను.

"నేనేటి చేసేదే? రిలీవర్ రాలేదు," అన్నారు ఆయన, చేతులు కడుక్కుంటూ.

"రాకపోతే ఆయన ఖర్మ. మీ షిఫ్టు అయిపోయింది కదా, వచ్చేయాలి."

ఆయన నా వైపు వింతగా చూశారు. "ఆడొచ్చి చార్జి తీసుకోకుండా మిషను వదిలీసి ఎలా వచ్చీమంటావే? ఎర్రటి ఇనుం వస్తంటాది. రేపు నేను లేటయితే ఆడూ నాకోసం అలాగే నిలబడతాడు. ఆ సిగ్గుకే కదేటి అందరం టయానికి పరిగెడతన్నాం."

కంచంలో అన్నం వడ్డిస్తున్నదాన్ని గరిటె అలాగే పట్టుకుని ఆగిపోయాను. ఆయన ఏదో అయిందనుకుని కంగారుపడ్డారు. ఏమీ కాలేదు. ఆ సిగ్గు అన్న మాట నా నెత్తిన పడిందంతే. ఈ ఊళ్ళో మనుషులు జీతం కోత కంటే, ఇంకో మనిషి తమకోసం నిలబడి ఉంటాడన్న సిగ్గుకు ఎక్కువ భయపడతారు. 'ఆడు రిలీవర్‌గా పడితే చచ్చేమే' అన్నది ప్లాంటులో అన్నిటికంటే పెద్ద తిట్టు. మా పిల్లలు ఉగ్గుపాలతో పాటు విన్న మాటలవి. నేనేమో వాళ్ళ చేత గుంజీలు తీయిస్తున్నాను.

చార్జి ఇచ్చిపుచ్చుకోవడం

మర్నాడు క్లాసులో పద్ధతి చెప్పాను. రోజూ మొదటి పీరియడ్‌లో ముందు కథ. చెప్పేది నేను కాదు, పిల్లలే. ఒకరు సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడి తెలుగులో కథ మొదలుపెట్టాలి. కాసేపటికి వాళ్ళ రిలీవర్ లేచి సుద్దముక్క అందుకుని, ఆగిన చోటి నుంచి కథ నడపాలి. ఎవరికి ఎవరు రిలీవరో ముందే నిర్ణయం. రిలీవర్ రాకపోతే సుద్దముక్క పట్టుకున్నవాళ్ళు కూర్చోకూడదు. డబుల్ డ్యూటీ.

అందరి ముఖాలూ ఒక్కసారి వెలిగాయి. వివరించాల్సిన పనే పడలేదు. నేను తెలుగులో ఏం చెప్పినా గోడకు చెప్పినట్టుండే గది అది.

అప్పుడే గుమ్మంలో అప్పలరాజు ప్రత్యక్షమయ్యాడు. "బెహన్‌జీ, రాస్తే మే గేదె అడ్డొచ్చింది."

"ఓహో. ఆ గేదె ఎక్కడికి వెళ్తోంది?" అన్నాను.

వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. "డ్యూటీకి."

గది ఘొల్లుమంది. సుద్దముక్క వాడి చేతిలో పెట్టి, "అయితే చెప్పు, డ్యూటీకి వెళ్ళి ఏం చేసింది?" అన్నాను. మా గేదె కథ అలా మొదలైంది.

ఆ గేదె మెయిన్ గేటు దగ్గర సైకిళ్ళ గుంపులో కలిసి లోపలికి దూరింది. గేట్ పాస్ అడిగితే నమిలేసింది. మిల్లు చల్లబరిచే నీళ్ళ తొట్టెలో పడుకుంది. క్యాంటీన్లో బజ్జీలన్నీ తినేసి, నూనె బాలేదని కంప్లయింటిచ్చింది. ఒకరు వదిలిన చోట ఇంకొకరు పట్టుకోవాలంటే ముందు నుంచీ విని ఉండాలి. లేటుగా వచ్చినవాడికి గేదె ఎక్కడుందో తెలియదు, బోర్డు దగ్గర నీళ్ళు నమిలేవాడు, అందరూ నవ్వేవారు. అంతకంటే ఘోరం, వాడి కోసం డబుల్ చేసిన స్నేహితుడు మధ్యాహ్నం దాకా వాడితో మాట్లాడేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్న నేను బడికి బయల్దేరుతుంటే అప్పలరాజు వాళ్ళమ్మ మా ఇంటి మీదికొచ్చింది.

"ఏటమ్మా టీచరమ్మగారూ, ఇదేటి పద్ధతి? మాయన రాత్పాళీ చేసొచ్చి ఇప్పుడే నడుం వాల్చేరు. ఎవుడో గుంటడొచ్చి కిటికీ కాడ సైకిలు బెల్లు కొట్టి, 'ఆంటీ, మేరా రిలీవర్ ఉఠా క్యా' అని ఒకటే అరుపు."

"మీవాడు లేచేడా?" అన్నాను.

"లేచేడు."

"తయారయ్యేడా?"

"పోహా తినకుండానే పరుగెత్తేడు."

"మరింకేటమ్మా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, "నిజం చెప్పండి, ఆ గేదె ఇప్పుడెక్కడుందండీ?" అంది.

కథ ప్లాంటులోకి కూడా పాకింది. మా ఆయన ఇంటికొస్తూనే, "ఏమే, ఇవాళ మీ గేదె ఏ మిల్లులో ఉంది? మావాళ్ళు అడగమన్నారు," అనేవారు.

నందిని బస్సు రాని రోజు

దీపావళి సెలవుల ముందు రోజు మిశ్రాజీ వచ్చాడు. వెనక బెంచీలో కూర్చుని గడియారం చూసుకున్నాడు. బెంచీలు నిండుగా ఉన్నాయి. ఒక్క సునీత చోటు మాత్రం ఖాళీ. నందిని బస్సు రాలేదు. ఆ ఒక్క ఖాళీ నా కళ్ళకు గదంత కనబడింది. పైగా ఆరోజు సుద్దముక్క అప్పలరాజు చేతిలో ఉంది, వాడి రిలీవర్ సునీతే.

వాడు కథ చెబుతున్నాడు. తెలుగు మాట దొరక్క హిందీలోకి జారితే పిల్లలు "తెలుగులో, తెలుగులో" అని అరుస్తున్నారు. వాడు పైకప్పు చూసి, ముక్కు గోక్కుని, మాట వెతికి తెస్తున్నాడు. గేదె ఎర్రటి పట్టాల పక్కన డ్యూటీలో నిలబడింది. వాడు మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. సునీత లేదు.

బెల్లు కొట్టారు. పిల్లలు లేచారు. లెక్కల మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అప్పలరాజు కదల్లేదు.

"చాల్లే, ఇంక మీ సెక్షన్‌కి వెళ్ళు," అన్నాను మెల్లగా.

"ఎలా వెళ్ళమంటారు బెహన్‌జీ? రిలీవర్ రాలేదు కదా."

"ఇవాళ్టికి పరవాలేదురా."

"ఎర్ర పట్టా వస్తంది," అన్నాడు వాడు, అదేదో నాకు తెలియనట్టు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆలస్యం మాన్పించమంటే బెల్లునే లెక్కచెయ్యని పిల్లల్ని తయారుచేశానని, తెలుగుకు ఇవాళ్టితో చెల్లుచీటీ అని అనుకున్నాను. మిశ్రాజీ లేచి నిలబడి, "క్యా బాత్ హై?" అన్నాడు.

వాడు తల ఎత్తి చెప్పాడు. "సర్, రిలీవర్ నహీ ఆయీ."

మిశ్రాజీ గడియారం చూశాడు. లెక్కల మాస్టారును చూశాడు. "రుకియే," అని ఆయన్ని ఆగమని, తను మళ్ళీ కూర్చున్నాడు. దాంతో పిల్లలందరూ కూర్చున్నారు.

అప్పలరాజు గొంతు సవరించుకుని కథ అందుకున్నాడు. "గేదె షిఫ్టు అయిపోయింది. సైరన్ కూసింది. అందరూ ఇళ్ళకెళ్ళిపోయేరు. గేదె మాత్రం వెళ్ళలేదు. ఎందుకంటే దాని రిలీవర్ రాలేదు. దానికి ఆకలేస్తంది. ఇంటికాడ కుడితి చల్లారిపోతంది. అయినా వెళ్ళలేదు." పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. వాడు నవ్వడం లేదు. రెండు వాక్యాలు రాని పిల్లాడు, ఒక్క హిందీ ముక్క లేకుండా అన్ని మాటలు చెబుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. నవ్విన నాపచేనే పండుతుందంటారు, నా కళ్ళ ముందే పండుతోంది.

అప్పుడు వరండాలో పరుగు చప్పుడు. సునీత. జడ ఊడిపోయింది, గౌను నిండా దుమ్ము. ఊపిరి అందక మాట రావడం లేదు గాని చెయ్యి మాత్రం ముందే చాపింది, సుద్దముక్క కోసం.

వాడు వెంటనే ఇవ్వలేదు. చార్జి ఇచ్చే పద్ధతి ఒకటుంది కదా. "గేదె మిల్లులోనే ఉంది. పట్టా వస్తంది. కుడితి చల్లారిపోయింది. దాని రిలీవర్ ఇంకా రాలేదు. అంతే మిగిలింది," అని చెప్పి, అప్పుడు ఇచ్చాడు. ఇచ్చి పక్కనున్న బెంచీలో దభీమని కూలబడ్డాడు.

సునీత సుద్దముక్క పట్టుకుని, క్లాసును చూసి, మిశ్రాజీని చూసి, చెప్పింది. "రిలీవర్ గేదె వచ్చీసింది. దారిలో బస్సు చెడిపోయింది. పాలవాడి సైకిలు వెనక కూర్చుని వచ్చింది. గేదెను సైకిలెక్కించుకున్నందుకు పాలవాడు చాలా ఆయాసపడ్డాడు. మొదటి గేదె ఇంటికెళ్ళిపోయింది."

గది కప్పు లేచిపోయింది. మిశ్రాజీ నా వైపు తిరిగి, "క్యా బోలీ?" అన్నాడు. నేను హిందీలో చెప్పాను. గేదె సంగతి మొదట్నుంచీ చెప్పాల్సివచ్చింది, లెక్కల పీరియడ్ మరికాస్త పోయింది. ఆయన కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ మనిషి పళ్ళు చూడటం అదే మొదలు.

గుమ్మం దగ్గర ఆగి నాతో అన్నాడు. మొదటి పీరియడ్‌కి రాని పిల్లల్ని సర్వీసంతా చూశాడట. మొదటి పీరియడ్ నుంచి వెళ్ళనంటున్న పిల్లల్ని ఇవాళే చూశాడట. "తెలుగు చలేగీ," అన్నాడు. తెలుగు సాగుతుంది.

మర్నాడు అప్పలరాజు వాళ్ళమ్మ నాకు గిన్నెడు అరిసెలు పంపింది. పైన చిన్న కాగితం ముక్క మీద వాడి దస్తూరిలో 'గేదెకు' అని రాసుంది. సునీత ఆ క్రిస్మస్‌కి చర్చిలో పుస్తకం చూసి పాడింది, వేలు పెట్టకుండా. శ్రుతి మాత్రం కుదర్లేదు, అది నా సబ్జెక్టు కాదు.

నా రిలీవర్

తర్వాత నా ఉద్యోగం పర్మనెంటయింది, ఎనభైల చివర్లో రిటైరయ్యాను. దండ వేశారు, స్టీలు క్యారియర్ ఇచ్చారు, ఉపన్యాసాలిచ్చారు. నా చోటికి మాత్రం ఎవరినీ వెయ్యలేదు. అప్పటికి మిశ్రాజీ ఆ బడిలో లేడు. కొత్త ప్రిన్సిపాల్, "కొన్నాళ్ళు తెలుగు ఆపేద్దాం మేడమ్, ఎవరైనా వచ్చాక చూద్దాం," అన్నాడు. కొన్నాళ్ళు ఆగిన క్లాసు మళ్ళీ మొదలవడం నేనెక్కడా చూడలేదు.

సోమవారం పొద్దున్న మామూలుగా తయారై బయల్దేరాను. మా ఆయన అప్పటికే రిటైరై ఇంట్లో ఉంటున్నారు. పేపరు పక్కనపెట్టి, "ఏటే, ఇంకా డ్యూటీయేనా?" అన్నారు.

"డబుల్," అన్నాను.

ఆయన మళ్ళీ పేపరు అందుకున్నారు. ప్లాంటు మనిషికి ఆ మాట చాలు. కొత్త ప్రిన్సిపాల్ నన్ను చూసి ఇబ్బందిగా కదిలాడు గాని, జీతం అడగని మనిషిని ఎవరు వెళ్ళగొడతారు. చలికాలమంతా అలాగే గడిచింది.

ఒకరోజు క్లాసు సగంలో ఉంది. ఆనాటి కథ ఆపి బోర్డు దగ్గరున్న పిల్ల కూర్చుంది, పాఠం కోసం సుద్దముక్క నా చేతికొచ్చింది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చేతిలో ట్రంకు పెట్టె, చెదిరిన జుట్టు, చెమటలు కక్కుతున్న ముఖం. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడు, కొత్త తెలుగు టీచరు. రైలు ఆలస్యమైందట.

"మే ఐ కమిన్ మేడమ్?" అన్నాడు.

క్లాసంతా ఘొల్లుమంది. ముందు బెంచీలో పిల్ల గట్టిగా అంది. "బెహన్‌జీ, మీ రిలీవర్ లేటు."

నేను వెంటనే సుద్దముక్క ఇవ్వలేదు. ఎవరి నాన్నకు ఈ వారం రాత్పాళీయో చెప్పాను. నందిని బస్సు ఎలాంటిదో చెప్పాను. ఎవరి సాకులు నమ్మొచ్చో, ఎవరివి విని ఆనందించి వదిలెయ్యాలో చెప్పాను. రేగుచెట్టు సంగతి చెప్పాను. గేదె ప్రస్తుతం ఎక్కడుందో చెప్పాను. ఆ అబ్బాయి నోరు తెరుచుకుని విన్నాడు. అప్పుడు సుద్దముక్క ఆ చేతిలో పెట్టి, బెల్లు కొట్టకముందే బయటికొచ్చాను. నేను లేకుండా ఆ క్లాసు నడవడం అదే మొదలు. గేటు దగ్గరికొచ్చేసరికి వెనక నుంచి పిల్లల నవ్వు వినబడింది.

ఇంటికొచ్చేసరికి చేపల పులుసు వాసన. ఆయన పొయ్యి దగ్గరున్నారు. కంచం పెట్టి ఉంది.

"వచ్చేడేటి నీ రిలీవరు?" అన్నారు.

"వచ్చేడు. లేటుగా."

"అందరూ అంతేనే. కూర్చో," అని వేడి పులుసు వడ్డించారు.